రోజూ తిరిగేది పది కిలోమీటర్లే.. డీజిల్ కారు ఎందుకు?

ప్రశ్న: హన్మకొండలో ప్రైవేట్ జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ ఉంటాం. నా జీతం, నా భార్య కుట్టు పని కలిపి నెలకు 45 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 27 వేలు, అందులో ఆటోలకే 3,500 పోతున్నాయి. 30 నెలల 3 లక్షల చిట్టీకి నెలకు సుమారు 9 వేలు కడుతున్నాను. 18 నెలలు అయ్యాయి, ఇంకా లేపలేదు. బ్యాంకులో 2.60 లక్షల ఎఫ్‌డీ ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆటో ఎక్కడం కష్టమవుతోంది. ఆస్పత్రి, పిల్లల బడి, మార్కెట్, నెలకోసారి పరకాల దగ్గర అత్తగారి ఊరు.. మా తిరుగుడు ఇంతే. అన్నీ కలిపినా నెలకు 400 కిలోమీటర్లు దాటదు. ఒక డీలర్ 2015 మోడల్ డీజిల్ సెడాన్ 4.40 లక్షలు చెప్తున్నాడు. 2 లక్షలు కడితే మిగతాది రూపాయి వడ్డీకి, మూడేళ్ల వాయిదాలకు ఫైనాన్స్ ఇప్పిస్తాడట. తీసుకోమంటారా?

జవాబు: ఆ బండి వద్దండి. కారు మాత్రం కొనండి. మోకాళ్ల నొప్పులతో అమ్మగారు ఆటో మెట్టు ఎక్కలేకపోవడం చిన్న విషయం కాదు. కారు వల్ల డబ్బు మిగులుతుందని నేను చెప్పను. ఇది ఇంట్లోవాళ్ల సుఖం కోసం పెట్టే ఖర్చు, అలా పెట్టడంలో తప్పు లేదు. ఆ ఖర్చు మీ నెల లెక్కలో ఇమిడితే చాలు.

ముందు ఆ రూపాయి వడ్డీ సంగతి చూద్దాం. వినడానికి ఏడాదికి 12 శాతమే అనిపిస్తుంది. బ్యాంకులో అయితే మీరు కట్టిన కొద్దీ అసలు తగ్గుతుంది, మిగిలిన అసలు మీదే వడ్డీ పడుతుంది. ఇక్కడ మొదటి నెల నుంచి చివరి నెల దాకా మొత్తం 2.40 లక్షల మీద వడ్డీ వేస్తారు. మూడేళ్లకు వడ్డీ 86,400 రూపాయలు, నెల వాయిదా సుమారు 9,070. దీన్ని బ్యాంకు పద్ధతిలోకి మార్చి చూస్తే 21 శాతం దాటుతుంది. ఇంకో సంగతి చూడండి. మీ 45 వేలల్లో ఇంటి ఖర్చు, చిట్టీ పోగా మిగిలేది 9 వేలు. వాయిదాకే అది చాలదు. ఇక డీజిల్ ఎక్కడి నుంచి పోయిస్తారు? ఇన్సూరెన్స్ ఎలా కడతారు? పిల్లల ఫీజుల నెల వస్తే ఎవరిని అడుగుతారు? పైగా 2015 బండికి ఆర్సీ గడువు 2030లో అయిపోతుంది. వాయిదాలు తీరే సమయానికి ఆర్సీలో మిగిలేది అటూ ఇటూగా ఏడాది. ఆ తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ అన్నీ మీ నెత్తినే.

డీజిల్ అయితే మైలేజీ ఎక్కువ కదా అని డీలర్ చెప్పే ఉంటాడు. నిజమే, లెక్క వేసి చూద్దాం. మీరు ఏడాదికి తిరిగేది 4,800 కిలోమీటర్లు. చిన్న పెట్రోల్ కారు ఊళ్లో లీటరుకు 15 ఇస్తుందనుకుంటే, లీటరు 107 రూపాయల లెక్కన సుమారు 34 వేలు. డీజిల్ బండి 18 ఇస్తుందనుకుంటే, 96 రూపాయల లెక్కన 25,600. ఏడాదికి మిగిలేది 8,600. అదే బండి మీద ఏడాదికి కట్టే వడ్డీ 28,800.

బడికి రెండు కిలోమీటర్లు, మార్కెట్‌కు మూడు.. ఇలా ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేసే తిరుగుడు డీజిల్‌కు పడదు. మసి పేరుకుంటుంది. టర్బో, ఇంజెక్టర్లు పాడైతే వచ్చే బిల్లు పెట్రోల్ బండితో పోలిస్తే చాలా ఎక్కువ. 2020 ఏప్రిల్ తర్వాతి, అంటే బీఎస్-6 కాలుష్య నిబంధనల కింద వచ్చిన డీజిల్ బండ్లలో పొగ గొట్టం వైపు మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద కాసేపు వేగంగా నడవాలి. మీ తిరుగుడులో ఆ అవకాశం తక్కువ. రోజూ హైదరాబాద్ వెళ్లొచ్చేవాళ్లకు డీజిల్ గిట్టుబాటు అవుతుందేమో, మీకు కాదు.

ఏడాదికి రెండుసార్లు రామప్పకో లక్నవరానికో బంధువులతో కలిసి వెళ్లాలనిపిస్తే ఆ రోజుకు పెద్ద బండి కిరాయికి తీసుకోండి. ఆ రెండు రోజుల కోసం ఏడాది పొడుగునా పెద్ద బండిని మేపడం దండగ.

ఇక డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఎఫ్‌డీలో లక్షన్నర ముట్టుకోవద్దు. ప్రైవేట్ కాలేజీ ఉద్యోగం మీది. రెండు నెలల జీతం ఆలస్యమైనా, అమ్మగారికి ఆస్పత్రి ఖర్చు వచ్చినా ఇల్లు నడవాలి. అందులోంచి తీయగలిగేది లక్షా పది వేలు. మిగతాది చిట్టీ నుంచి. చిట్టీ లేపితే నష్టం అనే మాట చాలామంది నోట వింటుంటాను. ఎంత నష్టమో లెక్క వేసేవాళ్లు తక్కువ. చిట్టీ నడిపేవాళ్ల కమీషన్ 5 శాతం అనుకుంటే, చివరి దాకా ఆగినా మీ చేతికి వచ్చేది 2.85 లక్షలు. ఇప్పుడు పాట పాడి 2.60 లక్షలకు ఎత్తుకుంటే, పన్నెండు నెలలు ముందు తీసుకున్నందుకు 25 వేలు వదులుకున్నట్టు. అంటే ఏడాదికి పదిలోపు శాతం. డీలర్ చూపించే 21 శాతంతో పోలిస్తే సగం కూడా లేదు. లేపినా లేపకపోయినా మిగిలిన పన్నెండు వాయిదాలు కట్టాల్సిందే కాబట్టి నెల ఖర్చు కొత్తగా పెరగదు.

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. ఆ నెల పాట పోటీ మీద పోయి చేతికి 2.55 లక్షల కన్నా తక్కువ వచ్చేలా ఉంటే వదిలేయండి. నెలలు గడిచేకొద్దీ పాడేవాళ్లు తగ్గుతారు, రెండు నెలలు ఆగితే తగ్గింపు ఇంకా దిగుతుంది. ఇదంతా రిజిస్టర్ అయిన చిట్టీకే చెబుతున్నాను. నోటి మాట మీద నడిచే చిట్టీ అయితే కారు సంగతి పక్కన పెట్టి ముందు మీ డబ్బు చేతికి తెచ్చుకోండి.

అంటే మీ చేతిలో 3.70 లక్షలు. కారు ధర 3.20 లక్షలు దాటొద్దు. మిగిలిన 50 వేలు బండి వెంటే పోతాయి. పేరు మార్పిడి, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ, మొదటి సర్వీసు అన్నీ మొదటి రెండు నెలల్లోనే వస్తాయి. ఆ తర్వాత పెట్రోల్, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి నెలకు 5 వేలు అనుకోండి. ఆటోల్లో రెండున్నర వేలైనా తగ్గుతుంది కాబట్టి మీ మీద పడే అదనపు భారం రెండున్నర వేలు. ఇది మీరు మోయగలరు.

ఏ బండి అంటారా? వ్యాగనార్, సెలెరియో, శాంత్రో, టియాగో పెట్రోల్ వాటిల్లో 2017 తర్వాతివి చూడండి. నా ఓటు వ్యాగనార్‌కే. సీటు ఎత్తుగా ఉంటుంది, అమ్మగారు వంగకుండా, కాలు ఎక్కువ ఎత్తకుండా పక్కకు తిరిగి కూర్చోవచ్చు. బండి చూడటానికి వెళ్లేటప్పుడు ఆమెను తప్పకుండా వెంట తీసుకెళ్లండి, ఎక్కి దిగమనండి. ఒక లీటరు ఇంజిన్ మోడల్ అయితే థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టం కోసం కట్టే బీమా కూడా తక్కువ. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు 2,094 రూపాయలు, అది దాటితే 1,500 సీసీ దాకా 3,416. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నింటికీ తప్పనిసరి అయింది, అంతకుముందు బండి అయితే ఏబీఎస్, రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంటే అడగండి. పిల్లలు ఎక్కే బండి, అందుకు పది వేలు ఎక్కువైనా పెట్టండి. చవకగా దొరుకుతోంది కదా అని షెవర్లే, ఫోర్డ్, డాట్సన్ కార్ల వైపు వెళ్లొద్దు. ఆ కంపెనీలు ఇక్కడ అమ్మకాలు ఆపేశాయి, మళ్లీ అమ్ముకోవాలంటే మీకూ ధర రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొత్త బండ్లు చవకయ్యాయి. డీలర్ అంతకుముందు నాటి రేటు పట్టుకుని మాట్లాడితే ఈ మాట గుర్తు చేసి బేరమాడండి.

వరంగల్‌లో పాత కారు కొనేవాళ్లు అన్నిటికన్నా భయపడాల్సింది వరద నీళ్లలో మునిగిన బండికి. 2020 ఆగస్టు, 2023 జూలై, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను.. ప్రతిసారీ మన కాలనీల్లో నీళ్లు నిలిచాయి, ఇళ్ల ముందు ఆపిన బండ్లు మునిగాయి. అవన్నీ ఎక్కడికి పోతాయి? ఆరబెట్టి, పాలిష్ చేసి అమ్మకానికి పెట్టినవీ ఉంటాయి. పైకి ఏమీ కనిపించదు, ఆరు నెలలకు వైరింగ్ ఒక్కొక్కటే చెడిపోవడం మొదలవుతుంది. అందుకని సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో మట్టి చార కనిపిస్తే అది నీట మునిగిన బండే. కింద కార్పెట్ ఎత్తండి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద ఒండ్రు ఉందేమో వేలితో తుడవండి, సీట్ల కింది బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తే ఆ బండి వదిలేయండి. డీలర్ పరిచయస్తుడైనా సరే, మొహమాటపడొద్దు. మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి ఆయనకు వెయ్యి రూపాయలు ఇవ్వండి. మెకానిక్‌ను డీలరే పిలిపిస్తానంటే వద్దనండి.

కాగితాల విషయానికి వస్తే, ఏపీ 36, టీఎస్ 03 లాంటి మన జిల్లా నంబర్ బండే చూసుకోండి. మహారాష్ట్ర, ఢిల్లీ నంబర్ బండ్లు లక్ష తక్కువకు వస్తున్నాయని చూపిస్తారు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అన్నీ కలిపితే ఆ లక్ష కరిగిపోతుంది. ఎం-పరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నది మీరే చూసుకోండి. పెండింగ్ చలాన్లు అమ్మేవాడే కట్టాలి. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలో అప్పు కొట్టేయించే ఫారం 35 చేతికి రాకుండా బయానా కూడా ఇవ్వొద్దు. ఒకప్పుడు పసుపు బోర్డుతో కిరాయికి తిరిగి, తర్వాత సొంత బండిగా మార్పించినవీ అమ్మకానికి వస్తాయి. మీటరు రీడింగ్ నమ్మకండి, సర్వీసు రికార్డు అడగండి.

పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, తర్వాత చూద్దాంలే అని ఇంట్లో పెట్టుకునేవాళ్లున్నారు. మీరు అలా చేయకండి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ మీ పేరు మీదకు మార్పించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు మీ బండి డ్యామేజీకి క్లెయిమ్ రాదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది. కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది, ఆ లెక్క 50 వేలలో వేసుకోండి. డీలర్‌తో మాట్లాడేటప్పుడే 20 వేలు ఆపుతానని, ఆర్సీ మీ పేరు మీదకు వచ్చాక ఇస్తానని కాగితం మీద రాయించుకోండి. ఒప్పుకోని డీలర్ దగ్గర కొనొద్దు. చిట్టీ లేపడానికి జామీను అడుగుతారు, ఎంతమంది కావాలో, జీతం స్లిప్పులు ఎవరెవరివి ఇవ్వాలో ఈ వారమే చిట్టీ ఆఫీసులో కనుక్కోండి. బండి బేరం ఆ తర్వాతే.