ఆఫీసు జోకులకు నేనూ నవ్వేదాన్నే

మీరు అడిగింది ఇదీ: "మా ఆఫీసులో ఆడా మగా అందరూ డబుల్ మీనింగ్ జోకులు వేసుకుంటారు. నాకు లోపల ఒళ్ళు మండుతుంది, పైకి మాత్రం అందరితో పాటు నవ్వేస్తాను. ఇది సరదానా, వేధింపా? ఇన్నాళ్ళూ నవ్వేసి ఇప్పుడు కంప్లయింట్ ఇస్తే ఎవరైనా వింటారా?"

వింటారు. ఈ మాట ధైర్యంగా ఎందుకు చెప్పగలుగుతున్నానంటే, అలాంటి ఒక కంప్లయింట్‌లో నేను సాక్షిని. గొప్పకి చెప్పుకునే సాక్ష్యం కాదు లెండి. మా ఆఫీసులో ఆ జోకులు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

వైజాగ్ పాత పోస్టాఫీసు దగ్గర ఒక క్లియరింగ్ అండ్ ఫార్వార్డింగ్ కంపెనీలో, అంటే ఎగుమతి దిగుమతి సరుకులకి కస్టమ్స్ కాగితాలు నడిపే చోట, 14 ఏళ్ళు చేశాను. పేరెందుకు. మొత్తం 18 మందిమి, ఆడవాళ్ళం నలుగురం. పొద్దున్న వచ్చేసరికి పోర్టు బొగ్గు ధూళి టేబుళ్ళ మీద పల్చగా పరుచుకుని ఉండేది. తుడుచుకుని కూర్చుంటే ఇక బిల్ ఆఫ్ ఎంట్రీలు, షిప్పింగ్ బిల్లులు, కస్టమ్స్ వాళ్ళ క్వెరీలు. ఓడకి సరుకు అందించే గడువు దగ్గరపడేకొద్దీ పార్టీల, అంటే సరుకు యజమానుల, తిట్లు. నవ్వు లేకపోతే అక్కడ పని నడవదు, అది మాత్రం నిజం. మా నవ్వంతా మా పనిలోంచే పుట్టేది. కంటైనర్లో సరుకు సర్దడాన్ని స్టఫింగ్ అంటారు. తలుపు మూశాక సీలు వేస్తారు, ఆ సీలు నంబరు కాగితాల మీద ఎక్కిస్తారు. ఈ రెండు మాటలు చాలు, మిగతాది మీరు ఊహించుకోగలరు.

అందులో నేను దిట్టని. మేనేజరు ఒకటి అంటే నేను రెండు తగిలించేదాన్ని. "మేడంతో పెట్టుకుంటే అంతే" అని వాళ్ళంటే అదో కిరీటంలా ఉండేది. దానికీ ఒక కథ ఉంది. మా ఆయన పోయాక ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ ఉద్యోగంలో చేరాను. మొదట్లో జాలిగా చూసేవాళ్ళు, ఆర్నెల్లు తిరిగేసరికి ఇంకోలా చూడడం మొదలుపెట్టారు. నోరు పెద్దది చేసుకున్నాక ఆ చూపులు తగ్గాయి. నాకు పనికొచ్చిన ఆ విద్య పక్కవాళ్ళని ఏం చేస్తుందో ఆలోచించలేదు.

2018లో డాక్యుమెంటేషన్‌లోకి ఒక అమ్మాయి చేరింది. అనకాపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేది. నెమ్మదస్తురాలు, నన్ను అక్కా అనేది. మరుసటి ఏడాది పెళ్ళయింది. పది రోజుల సెలవు తర్వాత పసుపుతాడుతో, చేతినిండా గాజులతో, స్టీలు డబ్బాలో లడ్డూలు పట్టుకుని వచ్చి అందరికీ పంచింది. మేనేజరు లడ్డూ నోట్లో వేసుకుంటూ, "ఏమ్మా, సీలు ఇంటాక్ట్‌గానే డెలివరీ అయిందా?" అన్నాడు. ఆఫీసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ పిల్లా నవ్వింది. నవ్వుతూనే డబ్బా మూత పెడుతోంది, అది పట్టడం లేదు. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. నా టేబులు పక్కనే జరిగింది కాబట్టి చూశాను. చూసి మళ్ళీ నా చెక్‌లిస్టు నేను చూసుకున్నాను.

మిగతాదంతా తర్వాత తెలిసింది. రాత్రి పదకొండింటికి మేనేజరు దగ్గర్నుంచి వాట్సాప్. ముందు వెసెల్ (ఓడ) ఎప్పుడొస్తుందని అడిగేవాడు. తర్వాత "ఇంకా నిద్ర పట్టలేదా", ఆ తర్వాత "మీ ఆయన క్యాంపుకెళ్ళాడటగా". ఆ పిల్ల ప్రతిదానికీ ఒక స్మైలీ పెట్టి ఊరుకునేది. చివరికి ఒకరోజు "సార్, పని విషయాలు తప్ప మెసేజ్ పెట్టకండి" అని రాసింది. ఆ మర్నాటి నుంచి దాని పనిలో అన్నీ తప్పులే కనిపించాయి ఆయనకి. పార్టీల ముందు అరుపులు. సాయంత్రం రైలు టైముకి లేవబోతే సరిగ్గా అప్పుడే ఒక ఫైలు. జోకుల్లో కంటే ఈ ఫైలులో వేధింపు స్పష్టంగా కనిపిస్తుంది నాకు. కాదన్నందుకు ఉద్యోగంలో సతాయించడం కూడా, పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం ఈ లెక్కలోకే వస్తుంది.

ఆ పిల్ల ఓనరు గారికి కాగితం ఇచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా. మాకు కమిటీ లేదు. ఆడిటర్ గారు ఈ సంగతి చెవిన వేసేసరికి ఓనరు గారు ఉలిక్కిపడి రెండ్రోజుల్లో కమిటీ వేశారు. అధ్యక్షురాలిగా సీనియర్ మహిళా ఉద్యోగి ఉండాలి, సభ్యుల్లో సగం మందైనా ఆడవాళ్ళు కావాలి, ఒకరు బయటివాళ్ళు కావాలి. సీనియర్ అంటే నేనే. బయటి నుంచి మహిళా సంఘంలో పనిచేసే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు వచ్చారు.

మొదటి రోజే మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చుని, "నన్ను అడిగే ముందు ఈ మేడం గారిని అడగండి. ఈ ఆఫీసులో అందరికన్నా పచ్చిగా మాట్లాడేది ఆవిడే. అప్పుడు లేని వేధింపు ఇప్పుడెక్కడ్నుంచి వచ్చింది?" అన్నాడు. నా మొహం మాడిపోయింది. అబద్ధమైతే అరిచేదాన్ని, నిజమాయె. ఆ పూటే కమిటీలోంచి తప్పుకున్నాను, అకౌంట్స్ మేడం ఆ కుర్చీలో కూర్చుంది, నేను సాక్షుల్లోకి మారాను.

లెక్చరర్ గారు నన్ను అడిగినవి మూడే. మీరు అలాంటి మాటలు అనేవారా? అనేదాన్నండి. మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా? లేదండి. ఆ అమ్మాయి ఎప్పుడైనా తనంతట తాను అలాంటి మాట అందా? ఇక్కడ ఆగిపోయాను. ఏడాదిన్నర పక్క టేబులు. ఎంత వెతికినా ఒక్కటి గుర్తు రాలేదు. నవ్వింది, అంతే. ఒక్క మాట అనలేదు. ఆ తేడా ఎవరో అడిగేదాకా నాకు తట్టలేదంటే చూడండి.

తర్వాత మేనేజరు వంతు. "సరదాకి అన్నాను మేడం, మనసులో ఏం లేదు, అందరితో అలాగే ఉంటాను" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఓనరు గారి కొత్త కోడలు నెలకోసారి చెక్కుల మీద సంతకాలకి వస్తుందట కదా. ఆవిడకీ కొత్తగా పెళ్ళయింది. ఆవిడని అడిగారా సీలు సంగతి?" అన్నారు. "అయ్యో, ఆవిడతో అలా ఎలా..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు.

అందుకే, "ఈ రోజుల్లో ఏది జోకో ఏది కేసో తెలీక చస్తున్నాం" అని మగవాళ్ళు వాపోతే నాకు జాలి కలగదు. హద్దు తెలియనివాడైతే ఓనరు కోడలి దగ్గర కూడా నోరు జారాలిగా. అక్కడెప్పుడూ జారదు. కొత్తగా చేరినదాని దగ్గర, కాంట్రాక్టు మీద ఉన్నదాని దగ్గర, సెలవుకి తన సంతకం కావాల్సినదాని దగ్గర జారుతుంది.

ఇక చట్టం ఏమంటుందీ అంటే, అసలు మాట "ఇష్టం లేని". ఇష్టం లేకుండా తాకడం, మీద పడడం, లైంగికంగా ఏదైనా కోరడం, అశ్లీల బొమ్మలు చూపించడం, లైంగిక అర్థం వచ్చే మాటలు, అలాంటి సైగలు, ఇవన్నీ వస్తాయి. అన్నవాడి మనసులో ఏముందనే దానికంటే విన్నవాళ్ళకి అది ఇష్టమా కాదా అన్నదే ముఖ్యం. తాకకపోయినా వేధింపు వేధింపేనని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. నవ్వారు కాబట్టి ఒప్పుకున్నట్టే అని ఎక్కడా లేదు. పై ఆఫీసరు జోకు వేస్తే కింది వాళ్ళు నవ్వడం ఉద్యోగధర్మం, ఆ సంగతి ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలుసు.

మధ్యలో ఒక మాట. ట్రైనింగుల్లో "విశాఖ గైడ్‌లైన్స్" అనగానే మన వైజాగ్ జనం "మన ఊరివేనా?" అని అడుగుతారు. నేనూ అడిగాను. కాదు. విశాఖ అన్నది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. అక్కడ భన్వరీదేవి అనే గ్రామ కార్యకర్త బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. చేస్తున్న పనివల్లే ఆమెకి ఆ గతి పట్టింది, కాపాడాల్సినవాళ్ళు ఎవరూ లేరు. దాని మీద సంస్థలు వేసిన కేసులో 1997 ఆగస్టు 13న పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చట్టం కావడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది.

మా కేసులో తీర్పు మలుపు తిప్పింది నా సాక్ష్యం కాదు, మా అటెండరు. శ్రీకాకుళం వైపు మనిషి, పెద్దాయన. నాతో టీ గ్లాసులు సర్దుతూ అన్నాడు, "ఏటమ్మా, గుంట నవ్విందని అందరూ అంతన్నారు గానీ, బాత్రూం కాడ ఆ గుంట ఏడుస్తుంటే నానే సూసినాను. నన్నెవులూ అడగనేదు." అడిగించాం. చెప్పాడు. మేనేజరుకి రాతపూర్వక హెచ్చరిక, క్షమాపణ పత్రం, ఆ ఏడాది ఇంక్రిమెంట్ కట్, గాజువాక వైపు ఇంకో ఆఫీసుకి బదిలీ. ఉద్యోగం పోలేదు.

ఆ అమ్మాయి మాత్రం నాలుగు నెలలకే మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు, అదే బాధ. దాని టేబులు దగ్గరికి వచ్చేసరికి అందరూ మాటలు తూకం వేసేవాళ్ళు. "జాగ్రత్తరోయ్, కేసు పెడుతుంది" అని నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు ఆటోనగర్‌లో ఎక్కడో బాగానే ఉంది. దీపావళికి మెసేజ్ పెడుతుంది. అక్కా అనదు, మేడం అంటుంది.

నేను ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మా డెలివరీ ఆర్డర్లు చూసే కుర్రాడికి 33 ఏళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. మేం నలుగురు ఆడవాళ్ళం వాణ్ణి ఎంత ఆడించామో. ముందు ముహూర్తాలతో మొదలై తర్వాత "అసలు పనికొస్తావా" దాకా వెళ్ళింది. వాడు చెవులు ఎర్రబడి తలొంచుకుని కస్టమ్స్ హౌస్‌కి వెళ్ళిపోయేవాడు, పని లేకపోయినా. ఈ 2013 చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు ఆడవాళ్ళకే ఉంది, మగవాళ్ళకి లేదు. కంపెనీ తన రూల్సులో పెట్టుకుంటే తప్ప వాడు వెళ్ళడానికి చోటు లేదు. విచారణ అయిపోయాక వాడికి సారీ చెప్పాను. "పర్లేదు మేడం" అన్నాడు. పర్లేదన్న మాట ఎలా పుడుతుందో అప్పటికి నాకు తెలుసు.

ఇక మీ సంగతి. ఈ రాత్రే ఒక నోటుబుక్కులో తేదీ, టైము, ఎవరు, ఏ మాట, పక్కన ఎవరున్నారు, రాయడం మొదలుపెట్టండి. మెసేజులుంటే చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి, ఆఫీసు మెయిల్‌కి వద్దు. వీలైతే ఒక్కసారి సూటిగా, కుదరకపోతే మెసేజ్‌లో, "ఇలాంటి మాటలు నాతో వద్దు" అనండి. అలా అనకపోతే కంప్లయింట్ చెల్లదని కాదు, అంటే బలం. గొంతు వణికినా ఫరవాలేదు.

గడువు మర్చిపోకండి, చివరి సంఘటన నుంచి 3 నెలలు. గట్టి కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు. కంప్లయింట్ ఆరు కాపీలు, సాక్షుల పేర్లతో. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఆ లోపల ఆయన కింద పనిచేయలేనంటే మీరు రాసి అడగండి. మిమ్మల్నో ఆయన్నో మార్చమని గానీ, మీ మామూలు సెలవులు పోకుండా 3 నెలల దాకా సెలవు ఇమ్మని గానీ కమిటీ సిఫార్సు చేయొచ్చు. మీ పేరు బయటపెట్టకూడదు. రుజువు చేయలేకపోతే తప్పుడు కేసు అని మీ మీద తిప్పేస్తారని ఎవరో ఒకరు భయపెడతారు. రుజువు కాకపోవడం వేరు, కావాలని కల్పించడం వేరు, చట్టంలోనే ఆ తేడా రాసి ఉంది. కమిటీ వద్దు పోలీసులే కావాలనుకుంటే అదీ మీ ఇష్టం. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 75వ సెక్షన్, ఒట్టి మాటలకే ఏడాది దాకా శిక్ష ఉంది.

మీ ఆఫీసులో పదిమంది కూడా లేకపోయినా, కంప్లయింట్ ఓనరు మీదే అయినా, జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. వైజాగే అయితే మహారాణిపేట కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమం వాళ్ళని అడగండి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి కేంద్రం వాళ్ళ షీ బాక్స్ అనే పోర్టల్ కూడా ఉంది. మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారో చెప్పండి, కాగితం ఎవరి పేరు మీద రాయాలో చెబుతాను.