పారల వ్యాపారి ఓక్స్ ఏమ్స్ కాంగ్రెస్‌లో లంచం పంచాడా?

ప్రశ్న ఇది: "అమెరికా రైల్వే కుంభకోణంలో దొరికిన ఓక్స్ ఏమ్స్ సభ్యులకు షేర్లు ఉచితంగా ఇచ్చాడా, అమ్మాడా? అమ్మితే అది లంచం ఎలా అవుతుంది?"

అమ్మాడు. తప్పు కూడా ఆ అమ్మిన ధరలోనే ఉంది. అది తెలియాలంటే ముందు రైల్వే కాంట్రాక్టు లెక్క తెలియాలి. చాలామంది ఆ లెక్క వదిలేసి నేరుగా పంపకం దగ్గరికి వెళ్తారు, అందుకే కథ అర్థం కాదు.

మనిషి గురించి క్లుప్తంగా. 1804లో మసాచుసెట్స్‌లోని ఈస్టన్‌లో పుట్టాడు. తండ్రి ఆలివర్ ఏమ్స్ కమ్మరి, పారల కార్ఖానా పెట్టాడు. 1844లో దాన్ని ఓక్స్, తమ్ముడు ఆలివర్ తీసుకున్నారు. కాలిఫోర్నియాలో, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు తవ్వేవాళ్లందరికీ పార కావాలి. రైలు మార్గాలకూ, అంతర్యుద్ధానికీ కావాలి. ఇల్లు అలా నిండింది. 1863 మార్చి నుంచి పదేళ్లు రిపబ్లికన్ సభ్యుడిగా ప్రతినిధుల సభలో ఉన్నాడు. అక్కడ పసిఫిక్ రైల్వే కమిటీలో కూర్చున్నాడు.

ఇక లెక్క. పసిఫిక్ తీరం వైపు రైలు మార్గం వేసే యూనియన్ పసిఫిక్ కంపెనీకి 1862 చట్టం ప్రకారం ప్రభుత్వం మైలుకు మైదానంలో 16,000, మధ్యలోని ఎత్తు భూముల్లో 32,000, కొండల్లో 48,000 డాలర్ల బాండ్లు అప్పుగా ఇస్తుంది. 1864 సవరణ కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే భూమిని రెట్టింపు చేసింది, ప్రభుత్వ అప్పును రెండో తాకట్టుకు దించింది, అంటే వసూలులో ప్రభుత్వానిది రెండో వరస. దాంతో కంపెనీ అంతే మొత్తానికి తన సొంత బాండ్లను మొదటి తాకట్టు మీద అమ్ముకోవచ్చు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా షేర్ల దగ్గర వచ్చింది. యూనియన్ పసిఫిక్ షేరును 100 డాలర్ల ముఖ విలువకు తగ్గకుండా నగదుకే అమ్మాలని చట్టం. ఎడారి మీదుగా వెళ్లే రైలు మీద ఆ ధర పెట్టే అమాయకుడు ఎవడున్నాడు?

విరుగుడు కనిపెట్టింది యూనియన్ పసిఫిక్‌ను నడిపిన థామస్ డ్యూరంట్. క్రెడిట్ మొబీలియే అనే నిర్మాణ కంపెనీని చేజిక్కించుకున్నాడు. యూనియన్ పసిఫిక్‌ను నడిపేవాళ్లే దానికీ యజమానులు. ఎడమ చేయి కాంట్రాక్టు ఇస్తుంది, కుడి చేయి పుచ్చుకుంటుంది. రైల్వే కాంట్రాక్టరుకు చెక్కు ఇస్తుంది. కాంట్రాక్టరు అదే చెక్కుతో రైల్వే షేర్లను ముఖ విలువకు కొంటాడు. కాగితం మీద చట్టం నెగ్గింది. తర్వాత ఆ షేర్లు బజారులో ఎంతకు పోతే అంత. ఈ తరుగును పూడ్చాలంటే కాంట్రాక్టు రేటు పెంచాలి. హెర్బర్ట్ హాక్సీ అనే బినామీ పేరున మైలుకు 50,000 డాలర్లకు రాశారు. ఇంజనీరు పీటర్ డే అంచనా 30,000 దాకానే. ఆయన ఈ రేటు ఒప్పుకోక 1864 చివర్లో ఉద్యోగం వదిలేశాడు. ఈ వ్యవహారంలో నాకు పూర్తిగా గౌరవం కలిగించే మనిషి ఆయనొక్కడే.

ఏమ్స్ 1865లో సొంత డబ్బుతో దిగాడు. 1867 ఆగస్టులో 667 మైళ్ల కాంట్రాక్టు అతని పేరునే రాశారు. మైలుకు 42,000 నుంచి 96,000 డాలర్లు. అందులో అప్పటికే వేసేసిన మైళ్లు కూడా కలిపారు! ఆ ఏడాది చివర లాభం పంచడం మొదలవగానే క్రెడిట్ మొబీలియే షేరు ఎగిరింది.

సరిగ్గా అప్పుడు, 1867 డిసెంబరు నుంచి, ఏమ్స్ తోటి సభ్యులకు క్రెడిట్ మొబీలియే షేర్లు అమ్మడం మొదలుపెట్టాడు. ధర 100 డాలర్లు, జులై నుంచి వడ్డీ. అసలు విలువ దాదాపు రెట్టింపు. కొందరు ముందు పైసా కట్టలేదు, వచ్చిన లాభంలోంచే ధర మినహాయించుకున్నాడు. షేర్లు చాలావరకు ట్రస్టీగా తన పేరునే ఉంచాడు. వాటాలు తనకే ఎక్కువ రావాలని పట్టుబట్టిన భాగస్వామి హెన్రీ మెక్‌కోంబ్‌కు ఉత్తరాలు రాశాడు, మనకు ఎక్కువ మేలు జరిగేచోటే వీటిని పెడుతున్నానని. మెక్‌కోంబ్ కోర్టుకెక్కాడు. 1872 సెప్టెంబరులో, అధ్యక్ష ఎన్నికల వేడిలో, న్యూయార్క్ 'సన్' పత్రిక ఆ ఉత్తరాలను అచ్చువేసింది.

ఇక్కడ చదువరులు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, ఆ షేర్లతో రైల్వే చట్టాలు కొన్నాడనుకోవడం. చట్టాలు 1862, 1864వి, పంపకం తర్వాతది. అతను కొన్నది రాబోయే గొడవ నుంచి రక్షణ. ఆ డిసెంబరులోనే విస్కాన్సిన్ సభ్యుడు వాష్‌బర్న్ రైలు ఛార్జీలకు కళ్లెం వేసే బిల్లు తెచ్చాడు. రెండోది, ఆ ఉత్తరాలు బయటపడ్డాక సభ వేసిన రెండు విచారణ కమిటీలను కలిపేయడం. సభ్యుల షేర్ల సంగతి చూసింది పోలండ్ అనే సభ్యుడి పేరున్న కమిటీ. కంపెనీ లాభాలు చూసింది విల్సన్ కమిటీ. 4.39 కోట్ల డాలర్ల లాభం అన్న అంకె రెండోదాని నుంచి వచ్చింది, అదీ షేర్లు, బాండ్లన్నిటినీ ముఖ విలువకు లెక్కేస్తేనే. ఆర్థికవేత్త రాబర్ట్ ఫోగెల్ బజారు ధరలకు లెక్కగట్టి 1.3 నుంచి 1.65 కోట్లు అన్నాడు. నాకు ఇదే నమ్మదగింది. ప్రభుత్వం డబ్బు దానం చేసిందన్నదీ నిజం కాదు, అది అప్పు. 1890ల చివర్లో వడ్డీతో సహా వసూలైంది.

పోలండ్ కమిటీ తీర్పు విచిత్రం. లంచం ఇచ్చినవాడు ఉన్నాడు, పుచ్చుకున్నవాళ్లలో చాలామందికి దురుద్దేశం లేదట. ఏమ్స్‌నూ, డెమోక్రాట్ జేమ్స్ బ్రూక్స్‌నూ సభ నుంచి గెంటేయమంది. సభ అంతదూరం పోలేదు. 1873 ఫిబ్రవరి 27న ఏమ్స్‌ను 182-36 ఓట్లతో అభిశంసించింది, అంటే తప్పుపడుతూ తీర్మానం చేసి ఊరుకుంది. పదవీకాలానికి మిగిలింది రోజులే. మే 8న పక్షవాతంతో పోయాడు. బ్రూక్స్ అంతకు వారం ముందే చనిపోయాడు.

పదేళ్లకు మసాచుసెట్స్ శాసనసభ ఏమ్స్ పక్షాన తీర్మానం చేసింది, కొడుకు ఆలివర్ తర్వాత అక్కడ గవర్నరయ్యాడు. మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లే అయోవా స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఏమ్స్ పట్టణం పేరు కూడా ఓక్స్ ఏమ్స్‌దే.

షేర్లతో పేరు ముడిపడిన మిగతా సభ్యుల సంగతి తెలియాలంటే జేమ్స్ గార్ఫీల్డ్‌ను చూడండి. ఏమ్స్ లెక్క ప్రకారం 10 షేర్ల మీద అతనికి ముట్టింది 329 డాలర్లు. తను తీసుకున్నది 300 డాలర్ల అప్పు మాత్రమేనని గార్ఫీల్డ్ వాదన. 1880 ఎన్నికల్లో ప్రత్యర్థులు '329' అంకెను గోడలమీదా, కాలిబాటలమీదా రాశారు. అయినా అధ్యక్షుడయ్యాడు.