ట్యాబ్‌లు వచ్చిన బడికి ఒక పాత టీచరు రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ ప్రాథమిక పాఠశాలకు ఎనిమిది ట్యాబ్‌లు, రెండు ల్యాప్‌టాప్‌లు వచ్చాయనీ, వాటితో పిల్లల సృజనాత్మకతను పెంచే బాధ్యతను ప్రధానోపాధ్యాయులు నీ మీద పెట్టారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. నా దగ్గర చదువుకున్న పిల్లవు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. ఏ యాప్ వాడాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ఆ పరికరం నీ పిల్లలకు ఇవ్వగలిగిన అసలైన వరం ఏమిటో ముందు గుర్తించు.

కాగితం మీద గీత తప్పితే పిల్ల చెరుపుతుంది, మళ్ళీ గీస్తుంది, మూడోసారికి కాగితం చిరుగుతుంది. ఆ చిరుగు భయంతోనే చాలామంది పిల్లలు తెలిసిన ఇల్లు, తెలిసిన కొండలు, వాటి మధ్య తెలిసిన సూర్యుడు తప్ప మరొకటి గీయరు. తెర మీద ఆ భయం లేదు. వెనక్కి వెళ్ళే బాణం నొక్కితే గీత మాయమవుతుంది, మళ్ళీ నొక్కితే అంతకు ముందుదీ పోతుంది; మొదటి ప్రయత్నాన్ని అలాగే దాచిపెట్టుకుని దాని నకలు మీద రెండో ప్రయత్నం చేయవచ్చు. ఖర్చు లేకుండా చెడగొట్టి బాగుచేసుకునే ఈ వీలే సృజనకు డిజిటల్ పరికరం చేసే మేలు. రంగులు, హంగులు, చప్పుళ్ళు దాని తర్వాతే. అందుకే ఏ పని ఎంచుకున్నా, పిల్లలు దాన్ని కనీసం రెండుసార్లు మార్చుకునేంత వ్యవధి ఉందా అని చూడు. ఒక్క పీరియడ్‌లో ముగిసిపోయే పని అయితే దానికి ట్యాబ్ అక్కర్లేదు.

ఇది నాకు మొదటినుంచీ తెలిసిన సంగతి కాదు. కంప్యూటరు గది బాధ్యత చేతికొచ్చిన తొలి ఏడాది వార్షికోత్సవం కోసం ప్రతి పిల్లచేతా ఒక్కొక్క శుభాకాంక్షల చిత్రం చేయించాను. గడువు దగ్గరపడేకొద్దీ వెనకబడినవారి పక్కన నిలబడి, మౌస్ నా చేతిలోకి తీసుకుని, అక్షరాలు సర్ది, రంగులు మార్చి ఇచ్చాను. ప్రదర్శనకు వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. రెండో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "టీచర్, వీటిలో నాది ఏది?" అని అడిగింది. ముప్పై చిత్రాలూ ఒక్క చేతివే, ఆ చేయి నాది. ఆ రోజు నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. చూసేవారికి నవ్వొస్తుంది కానీ నువ్వూ చేసి చూడు.

మొదటి పనిగా స్టాప్ మోషన్ చిత్రం పెట్టుకోమని నా సలహా. ఒక బొమ్మను రవ్వంత కదిపి ఫొటో తీయడం, మళ్ళీ కదిపి మళ్ళీ తీయడం, ఆ ఫొటోలన్నిటినీ వరసగా వేగంగా చూపిస్తే బొమ్మ తనంతట తాను నడిచినట్టు కనిపించడం, ఇంతే దాని కిటుకు. నిపుణులు సాధారణంగా సెకనుకు 12 ఫొటోలు తీస్తారు, అంటే పది సెకన్ల చిత్రానికి 120. చిన్నపిల్లలకు సెకనుకు ఆరు చాలు, 60 ఫొటోలతో పది సెకన్ల కథ వస్తుంది. ట్యాబ్‌ను రెండు పుస్తకాల దొంతరల మధ్య కదలకుండా నిలబెట్టి, దాని కాళ్ళ దగ్గర బల్ల మీద టేపు అంటించు. ఎవరి మోచేయైనా తగిలితే మళ్ళీ అదే చోట పెట్టడానికి ఆ గుర్తే ఆధారం. కిటికీ పక్కన పెట్టవద్దు. మబ్బు వచ్చి పోయినప్పుడల్లా వెలుతురు మారి చిత్రమంతా మిణుకుమిణుకుమంటుంది. కిటికీ పరదా దించి ఒక్క దీపం వెలుగులో తీయించు.

ముగ్గురికి ఒక ట్యాబ్ ఇవ్వు. ఒకరు బొమ్మను కదుపుతారు, ఒకరు ఫొటో తీస్తారు, మూడోవారు లెక్క రాస్తూ ఫ్రేములో ఎవరి వేళ్ళూ పడకుండా చూస్తారు. ప్రతి ఇరవై ఫొటోలకూ పనులు మారాలి. ట్యాబ్ తెరిచే ముందు కాగితం మీద ఆరు గళ్ళు గీసి, కథలో ఏ గడిలో ఏం జరుగుతుందో బొమ్మలు వేయమను. నా తరగతిలో ఒక జట్టు బంకమన్ను నత్తను బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాలనుకుంది. బొమ్మను ఒక్కోసారీ బెత్తెడు దూరం జరిపారు. చూస్తే నత్త కప్పలా గెంతింది. జట్టు ముఖాలు వాడిపోయాయి. నేను "ఎందుకలా గెంతింది?" అని అడిగి ఊరుకున్నాను. కాసేపటికి ఒకడు స్కేలు తెచ్చి, "అర సెంటీమీటరు జరుపుదాం" అన్నాడు. ఇంకొకడు "గెంతేది కూడా ఉంచుదాం, ఆకలేసినప్పుడు నత్త అలా గెంతుతుంది" అన్నాడు. కథ అక్కడ పుట్టింది. మొదటి ఫొటోలు చెరిపేయమని నేను తొందరపడి ఉంటే ఆ ఆకలి నత్త ఉండేదే కాదు.

మూడో తరగతి దాటినవారికి స్క్రాచ్ నేర్పు. ఆదేశాల ముక్కలను ఒకదాని కింద ఒకటి పేర్చి తెర మీది బొమ్మను నడిపించే ప్రోగ్రామింగ్ భాష అది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన మీడియా ల్యాబ్ 2007లో దాన్ని పిల్లల కోసం విడుదల చేసింది. ఎనిమిదేళ్ళు దాటినవారిని దృష్టిలో పెట్టుకుని చేసింది అది. అంతకంటే చిన్నవారికి 2014లో వచ్చిన స్క్రాచ్ జూనియర్ ఉంది, దానిలో ఆదేశాలన్నీ బొమ్మలే కాబట్టి చదవడం రానివారూ ఆడుకోగలరు. వీటి మూలం 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జైగ్ తదితర పరిశోధకులు తయారుచేసిన లోగో అనే కంప్యూటర్ భాషలో ఉంది. అందులో గీత గీస్తూ నడిచే తాబేలు బొమ్మకు ఎంత ముందుకు నడవాలో, ఎంత తిరగాలో పిల్లలే చెప్పేవారు. ఈ పద్ధతిలోని అందం ఒక్క ఉదాహరణతో నీకు అర్థమవుతుంది. నూరు అడుగులు నడిచి 90 డిగ్రీలు తిరగడం నాలుగుసార్లు చేస్తే చతురస్రం వస్తుంది, దాన్ని పిల్లలు తేలిగ్గా పట్టుకుంటారు. తర్వాత త్రిభుజం అడుగు. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 అని తెలిసిన పెద్ద పిల్లలు వెంటనే 60 డిగ్రీలు తిప్పి మూడుసార్లు నడిపిస్తారు, గీత మూసుకోదు, సగం తెరిచిన గిన్నెలా నిలుస్తుంది. తిరగాల్సింది బయటి కోణం, 120. ఆ మాట నీ నాలుక చివరన ఉంటుంది, చెప్పకు. మూడును ఆరు చేసి చూసేవాడు ఒకడు ఉంటాడు. గిన్నె మూసుకుని షడ్భుజి అవుతుంది. వాడు దాని పక్కన మరొకటి, ఇంకొకటి గీసి తేనెపట్టు అంటాడు. త్రిభుజం రేపైనా వస్తుంది.

శబ్దాలతో పని చౌక, నాకు మహా ఇష్టం. సెలోఫేన్ కాగితం నలిపితే మంట చిటపటలు, పళ్ళెంలో పప్పు జల్లితే వాన. చిత్రం లేకుండా వినడానికి మాత్రమే ఒక నిమిషం కథ చేయించు. ఫ్యాను ఆపి, మైకును నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పెట్టమను, లేకపోతే 'ప', 'ఫ' పలికినప్పుడల్లా గాలి దెబ్బ రికార్డవుతుంది.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. సిద్ధంగా ఉండే నమూనాలు, అతికించే బొమ్మలు, ఒక్క నొక్కుతో మెరుపులు కురిపించే ఎఫెక్టులు పిల్లల్ని తొందరగా సంతోషపెడతాయి, పని అయిపోయిందనిపిస్తాయి. వాటిని నిషేధించనక్కర్లేదు కానీ మొదటి రెండు వారాలు దాచిపెట్టు. వాక్యం చెబితే బొమ్మ గీసిపెట్టే కృత్రిమ మేధ విషయంలో నా అభిప్రాయం ఇంకా కటువైనది: ఈ వయసులో పిల్లలు తమ బొమ్మను తాము గీశాక, దానికీ యంత్రం గీసినదానికీ తేడా ఏమిటో మాట్లాడుకోవడానికి నువ్వు చూపిస్తే చాలు.

పనిని దాచడం కూడా నేర్పాలి. ప్రతిసారీ పాతదాని మీదే సేవ్ చేయకుండా పేరు పక్కన 1, 2, 3 అని వేసి దాచమను. నెలాఖరున పిల్లతో కూర్చుని మూడు రూపాలూ వరసగా తెరిచి, "ఇక్కడ ఎందుకు మార్చావు?" అని అడుగు. వట్టి "బాగుంది" అన్న మాటతో పిల్లకు ఏమీ అందదు. మార్కులు వేయక తప్పకపోతే, చివరి బొమ్మ అందానికి వేయకు, మొదటిదానికీ చివరిదానికీ మధ్య జరిగిన ప్రయాణానికి వెయ్యి.

పిల్లల ముఖాలు, పేర్లు ఉన్నవి బయట పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకో. చాలా ఆన్‌లైన్ సేవలు 13 ఏళ్ళలోపు పిల్లలకు సొంత ఖాతా ఇవ్వవు కాబట్టి ఖాతాల జోలికి పోకు. స్క్రాచ్‌ను ల్యాప్‌టాప్‌లో దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది.

వచ్చే సోమవారం మొదలుపెడతానన్నావు. అంతకు ముందు శనివారం నువ్వు ఒక్కదానివే కూర్చుని, నత్తో బంతో ఏదో ఒకటి పెట్టి 60 ఫొటోలు తీసి చూడు. అది తప్పకుండా గెంతుతుంది. దాన్ని చెరిపేయకుండా ఉంచి, సోమవారం పిల్లలకు మొదట అదే చూపించి, ఎందుకు గెంతిందో వాళ్ళనే అడుగు. వాళ్ళేమన్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పాత టీచరు