మందిరానికి స్థలం కొనబోయే ముందు

పాస్టరు తమ్ముడికి, సంఘ పెద్దలకు ప్రభువు నామంలో వందనాలు.

అద్దె హాలు చాలడం లేదనీ, ఊరి చివర 5 సెంట్లు చూశామనీ రాశారు. సంతోషం. అడ్వాన్సు మాత్రం అప్పుడే ఇవ్వకండి.

స్థలం ఎవరి పేరున కొంటున్నారు? "ప్రస్తుతానికి పాస్టరు గారి పేరున రాయిద్దాం, తర్వాత మార్చుకుందాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. తమ్ముడూ, మీ మీద అనుమానంతో అనడం లేదు. కానుకల డబ్బుతో కొన్నా దస్తావేజులో మీ పేరుంటే లోకం దృష్టిలో అది మీ ఆస్తి, మీ తర్వాత మీ వారసులది. తర్వాత మార్చాలంటే మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చు. కాబట్టి ముందు సంఘం పేరున సొసైటీ రిజిస్టరు చేయించాలి, ఆ తర్వాతే సొసైటీ పేరున స్థలం. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం 7గురు సభ్యులుండాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లు కాకుండా చూడండి. ఆస్తి అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా సర్వసభ్య సమావేశంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని బైలాల్లో, అంటే సొసైటీ నియమావళిలో, రాయించండి. ఏటా కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయడం మరవకండి. తగువు వచ్చిన రోజున అసలు పెద్దలెవరో తేల్చేది ఆ కాగితమే.

ఒక విశ్వాసి తన డి-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి, ఉచితంగా ఇస్తానన్నారట. ఆయన మనసు గొప్పదే, కాగితం మాత్రం పనికిరాదు. అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. ఈమధ్య సవరణలు వచ్చాయి కదా అని ఎవరైనా నచ్చజెప్పబోతే, ఆ సర్వే నంబరును 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా)లోంచి తీసేసిన ఉత్తర్వు చూపించమనండి. చూపలేకపోతే వదిలేయండి. కొనే భూమికైతే 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), లింకు డాక్యుమెంట్ల (పాత దస్తావేజుల) ఒరిజినల్స్, రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్ చూడాలి. సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించాక మిగతా డబ్బు, అదీ బ్యాంకు ద్వారానే. స్థలానికి వెళ్లే దారి దస్తావేజులో ఉందో లేదో చూడండి. పక్క పొలం ఆసామి మంచితనం మీద నడిచే దారి, ఆ పొలం అమ్ముడుపోయిన రోజున మూసుకుపోతుంది.

ఇంటి ప్లానుతో అనుమతి తీసుకుని మందిరం కట్టేసే అలవాటు మనవాళ్లలో ఉంది. ఒక్క ఫిర్యాదు పడితే పునాదుల దగ్గరే పని ఆగుతుంది. ప్రార్థనా మందిరమనే రాసి అడగండి. పంచాయతీతో సరిపెట్టుకోకుండా కలెక్టరాఫీసులోనూ కనుక్కోండి.  అనుమతికి అర్జీ పెట్టకముందే చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి కలవండి. వాళ్ల భయం సాధారణంగా మైకు గురించే.

అమెరికాలో ఉన్న బంధువులు పంపుతామన్న డబ్బు గురించి అడిగారు. భారత పాస్‌పోర్టుతో ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి, న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. అవి లేకుండా రూపాయి కూడా తీసుకోవద్దు.

5 సెంట్లంటే 242 గజాలు. 25 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు హాలు పడుతుంది. వేదికకు 8 అడుగులు వదిలితే, మనిషికి 7 చదరపు అడుగుల లెక్కన చాపల మీద 150 మంది కూర్చుంటారు. కుర్చీలు వేస్తే బాగా తగ్గుతారు. 25 అడుగులకు స్లాబు వేయాలంటే పెద్ద దూలాలో మధ్యలో స్తంభాలో తప్పవు. ఇనుప ట్రస్సు మీద రేకులు చవక, స్తంభాల అడ్డూ ఉండదు. మామూలు రేకులైతే మే నెలలో ఉడికిపోతారు, వానలో వాక్యం వినపడదు. మధ్యలో ఫోమ్ ఉండి వేడిని, చప్పుడును తగ్గించే పఫ్ ప్యానెల్ రేకులు వేయండి, ధర ఎక్కువైనా. ఆడవాళ్ల మరుగుదొడ్లు మొదటి ప్లానులోనే ఉండాలి. తర్వాత కడదామనుకుంటే చోటు మిగలదు.

అద్దె హాలు ఖాళీ చేస్తామని ఓనరుకు చెప్పడం కొత్త మందిరానికి కరెంటు మీటరు బిగించాకే.