బళ్లారి బిల్లు, చెనిక్కాయల మిషను: కొలువు వెతుకుతున్న విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను కర్నూలులో బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది ఆదోని. కళాశాలలో రెజ్యూమె తెమ్మంటే నెట్ సెంటర్‌లో 60 రూపాయలిచ్చి చేయించుకున్నాను. అందులో మొదట ఉన్న నాలుగు వరుసల ఇంగ్లీషుకు అర్థం నాకే సరిగా తెలియదు. నా స్నేహితురాలి రెజ్యూమెలోనూ అవే వరుసలు ఉన్నాయి. సెలవుల్లో మా మేనమామ బట్టల కొట్టులో బిల్లులు రాయడం తప్ప నేను ఇంతవరకు ఏ పనీ చేయలేదు. ఇక రెజ్యూమెలో రాయడానికి ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సంగతి ఆ ‘తప్ప’కు ముందు ఉంది. దాని దగ్గరికి వచ్చే ముందు ఆ నాలుగు వరుసల లెక్క తేల్చేద్దాం. ‘సవాళ్లతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగిస్తూ సంస్థతో పాటు నేనూ ఎదగాలన్నదే ఆశయం’ అనే ధోరణిలో సాగే ఆ వాక్యాలను, ఇంజినీరింగ్ కళాశాల ప్లేస్‌మెంట్ విభాగంలో పనిచేసిన పదహారేళ్లలో నేను ఎన్ని వందల కాగితాల మీద చూశానో చెప్పలేను. ఎంపిక చేసేవారి కళ్లు వాటి మీద నిలవవు. ఆ చోట ఒకే వాక్యం రాయండి: ఏం చదువుతున్నారు, ఏ పని వచ్చు, ఏ నెల నుంచి చేరగలరు, ఏ ఊళ్లో పనిచేయడానికి సిద్ధం. మీకు అర్థం కాని మాట ఒక్కటి కూడా ఆ కాగితం మీద ఉండకూడదు.

ఇప్పుడు బట్టల కొట్టు సంగతి చూద్దాం. కొట్టుకు వచ్చిన కొనుగోలు బిల్లుల్లో కర్నూలు నుంచి వచ్చిన సరుకు బిల్లునూ, బళ్లారి నుంచి వచ్చిన సరుకు బిల్లునూ పక్కపక్కన పెట్టి ఎప్పుడైనా చూశారా? కర్నూలు బిల్లులో పన్ను సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని రెండు వరుసలుగా ఉంటుంది, బళ్లారి బిల్లులో ఐజీఎస్టీ అని ఒకటే వరుస ఉంటుంది. బళ్లారి కర్ణాటకలో ఉంది, సరుకు రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చింది, అందుకే ఆ తేడా. అకౌంట్స్ ఉద్యోగానికి వెళితే ఈ తేడాను అడగడానికి చాలా అవకాశం ఉంది. పుస్తకంలోని నిర్వచనాన్ని అప్పజెప్పే నలుగురి మధ్య, ‘మా కొట్టుకు బళ్లారి నుంచి సరుకు వచ్చేది, ఆ బిల్లులను విడిగా ఎక్కించేదాన్ని’ అని చెప్పే అమ్మాయి వారికి గుర్తుండిపోతుంది. మీ మేనమామ జీఎస్టీ రిటర్నులు ఎవరు వేస్తారో కనుక్కుని, నెలనెలా రిటర్ను వేసేవారు అమ్మకాల వివరాలున్న జీఎస్టీఆర్-1ను మరుసటి నెల 11వ తేదీలోగా, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీని 20వ తేదీలోగా ఎలా దాఖలు చేస్తారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. ఒక్క పూట పని అది.

రెజ్యూమెలో ఈ అనుభవాన్ని ‘షాపులో పనిచేశాను’ అని వదిలేయకండి. ఎన్ని సెలవుల్లో, ఎన్ని వారాలు, రోజుకు సుమారు ఎన్ని బిల్లులు, చేత్తోనా, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనా, సాయంత్రం గల్లాపెట్టెలోని నగదును బిల్లుల మొత్తంతో సరిచూసింది మీరేనా అన్నవన్నీ చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయండి. అంకెలు నిజమైనవి రాయండి. రోజుకు పాతిక బిల్లులైతే పాతికే రాయండి, దానికి చిన్నతనం ఏమీ లేదు. సొంతవాళ్ల కొట్టు కాబట్టి అనుభవం కిందికి రాదని మీరు అనుకుంటున్నట్టున్నారు. జీతం తీసుకోలేదన్న మాట నిజమే గానీ, లెక్క తప్పితే మామయ్య ఊరుకున్నాడా?

మరొకటి మీరు రాయనే లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ చదువుకు 2020-21 నుంచి తెచ్చిన మార్పుల్లో భాగంగా సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాయి కాబట్టి మీరూ అవి చేసే ఉంటారు. చాలామంది ఆ ప్రాజెక్టు నివేదికను జిరాక్స్ కొట్టులో సీనియర్ల దగ్గరి నుంచి సంపాదించి పేరు మార్చి ఇస్తారన్న సంగతి నాకు తెలియనిది కాదు. మీరు నిజంగా ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకుని ఉంటే, ఎన్ని ఇళ్లు తిరిగారో, ఏం తేలిందో రెండు వరుసల్లో రాయండి. తిరగకపోతే ఆ వరుసను తీసేయండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో దాని మీదే మొదటి ప్రశ్న పడితే తప్పించుకునే దారి ఉండదు.

మిగిలినవి చిన్న సంగతులే. ఒక పేజీ చాలు. తండ్రి పేరు, మతం, హాల్‌టికెట్ నంబరు, చివర సంతకంతో డిక్లరేషన్ మనకు సర్కారు దరఖాస్తుల నుంచి అంటుకున్న అలవాట్లు, ప్రైవేటు ఉద్యోగానికి వాటి అవసరం లేదు. పేరు మాత్రం పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ ఆధార్‌లో పూర్తిగానూ ఉండి, చేరే రోజున ధ్రువపత్రాల పరిశీలనలో ఇబ్బంది పడ్డ పిల్లలను చూశాను. ఆ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఫైలును పీడీఎఫ్‌గా, మీ పేరుతోనే భద్రపరచండి. నెట్ సెంటర్ వాళ్లు పెట్టిన ‘న్యూ రెజ్యూమె ఫైనల్ 2’ అనే పేరుతోనే పంపేవారు ఇప్పటికీ ఉన్నారు.

ప్రశ్న: నేను అనంతపురంలో బీటెక్ మెకానికల్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, నాన్న చెనిక్కాయ (వేరుశనగ) రైతు. మూడు ఇంటర్వ్యూలకు వెళ్లాను. రాతపరీక్ష దాటుతున్నాను గానీ, ‘మీ గురించి చెప్పండి’ అనగానే బట్టీపట్టినది మధ్యలో ఆగిపోతోంది. రెండో సంవత్సరంలో ఫ్లూయిడ్ మెకానిక్స్ తప్పి, తరువాత పాసయ్యాను. దాని గురించి అడిగితే ఏం చెప్పాలి? నలుగురం కలిసి చెనిక్కాయలు ఒలిచే మిషను ప్రాజెక్టుగా చేశాం. దాని గురించి కూడా సరిగా చెప్పలేకపోయాను.
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: కొన్నేళ్ల కిందట నేను నిర్వహించిన ఒక మాక్ ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రాజెక్టే చేసిన ఒక విద్యార్థి వచ్చాడు. నివేదికలోని మొదటి పేరాను ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. ‘మిషనులో పోసే ముందు కాయల మీద నీళ్లెందుకు చల్లుతారు?’ అని అడిగితే బిక్కమొహం వేశాడు. తెలుగులోనే చెప్పమన్నాను. అప్పుడు అతనన్న మాట ఇది: ‘బాగా ఎండిన కాయయితే పప్పు బద్దలవుతుంది సార్. బద్దలైన పప్పుకు రేటు రాదు, విత్తనానికి అసలే పనికిరాదు.’ ఆ రోజు నేను విన్న జవాబులన్నిటిలో ఇంజినీరు చెప్పదగిన జవాబు అదొక్కటే. అది ఊరి సంగతి, ఇంటర్వ్యూలో చెప్పేది కాదని అతడు అనుకున్నాడు. మీరు కూడా అదే పొరపాటులో ఉన్నారని నా అనుమానం.

మీ మిషను ముందు కూర్చుని దాన్ని కొత్తవాడికి చూపిస్తున్నట్టు ఒకసారి మాటల్లో పెట్టండి. తిరిగే కడ్డీలకూ, కింద వంపుగా ఉన్న జల్లెడకూ మధ్య కాయ నలిగి పొట్టు విడిపోతుంది. ఆ సందు తగ్గితే పప్పు పగులుతుంది, పెరిగితే కాయ ఒలవకుండానే కిందికి జారుతుంది. అక్కడి నుంచి పుట్టే ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. ఆ సందు ఎంత పెట్టారు, ఎందుకంత? కదిరి-6 రకం కాయకూ, కదిరి లేపాక్షి రకం కాయకూ అదే జల్లెడ సరిపోతుందా? గంటకు ఎన్ని కిలోలు ఒలిచింది, వందలో ఎన్ని పప్పులు బద్దలయ్యాయి, దాన్ని ఎలా లెక్కపెట్టారు? మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంటే, మోటారుకు మూడంగుళాల పుల్లీ, ఇరుసుకు పదిహేను అంగుళాల పుల్లీ ఉంటే, బెల్టు జారడాన్ని పక్కన పెడితే ఇరుసు 288 చుట్లు తిరుగుతుంది. మీ మిషను కొలతలతో ఈ లెక్కను కాగితం, పెన్ను లేకుండా చెప్పగలగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నలుగురిలో మీరు చేసిన పని ఏది? ‘మేము చేశాం’ అని మొదలుపెట్టినవారిని ఎవరైనా ఆపి అడిగేది ఇదే. వెల్డింగ్ పట్టింది మీరైతే వెల్డింగ్ గురించి, సామాను కొనడానికి అనంతపురం పాతూరు అంగళ్లన్నీ తిరిగింది మీరైతే ఏ బేరింగును ఎందుకు ఎంచుకున్నారో, ఎంతకు కొన్నారో చెప్పండి. ఈ పండుగకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మిషను గురించి అడగండి. పరీక్షకుల కన్నా కఠినమైన ప్రశ్నలు ఆయన దగ్గర ఉంటాయి.

‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు బట్టీ పెట్టిన పేరా మధ్యలో ఒక మాట జారితే మొత్తం కూలిపోతుంది. అందుకని వాక్యాలను కంఠస్థం చేయకుండా, ఆరు సంగతులను మాత్రం వరుసలో గుర్తుపెట్టుకోండి: పేరు, ఊరు, చదువు, ప్రాజెక్టులో మీ పాలు, చేతికి వచ్చిన పని, ఈ సంస్థకే ఎందుకు వచ్చారు. ఒక్కొక్క సంగతికి ఒకటి రెండు పొట్టి వాక్యాలు చాలు. ముందు తెలుగులో చెప్పుకోండి, తరువాత ఇంగ్లీషులో చెప్పండి. ప్రతిసారీ మాటలు కొద్దిగా మారనివ్వండి, అవి మారుతున్నాయంటే మీరు బట్టీ నుంచి బయటపడ్డారన్నమాట. నెమ్మదిగా, సరైన చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో మాట్లాడే వారిని భాష రాదని ఎవరూ పంపేయరని నేను హామీ ఇవ్వలేను. పంపేసేవారూ ఉన్నారు. అయితే యంత్రాలతో పని ఉన్న సంస్థల్లో విషయం తెలిసినవాడి తడబాటును ఓపికగా వినేవారినే నేను ఎక్కువగా చూశాను. ఒక సాంకేతిక సంగతి దగ్గర మరీ చిక్కుకుంటే, ‘దీన్ని తెలుగులో చెప్పవచ్చా’ అని అనుమతి అడగడంలో తప్పు లేదు.

చివరి ఆ సంగతి, అంటే ఈ సంస్థకే ఎందుకన్నది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. అటువంటి కర్మాగారానికో, దానికి విడిభాగాలు ఇచ్చే సంస్థకో వెళ్లేటప్పుడు అక్కడ తయారయ్యేది సీటా, అద్దమా, సైలెన్సరా అన్నదైనా తెలుసుకోకుండా వెళ్లడం సంబంధానికి వెళ్లి పిల్ల పేరు అడిగినట్టు ఉంటుంది. రాత్రి షిఫ్టుకు సిద్ధమేనా అని అక్కడ తప్పక అడుగుతారు, దానికి జవాబును ఇంట్లో ముందే మాట్లాడుకుని వెళ్లండి.

తప్పిన సబ్జెక్టు గురించి రెండు వాక్యాలకు మించి చెప్పకండి. ఏది తప్పారు, ఎప్పుడు పాసయ్యారు, అంతే. పేపరు కఠినంగా వచ్చిందనీ, దిద్దినవారు సరిగా చూడలేదనీ చెబితే వినేవారి ముఖం మారడం మీకే కనిపిస్తుంది. దాచడం అంతకన్నా ప్రమాదం, మార్కుల మెమోలన్నీ చివరికి వారి చేతికే వెళతాయి. తప్పానని చెప్పిన సబ్జెక్టులోనే తరువాతి ప్రశ్న వస్తుంది కాబట్టి, మీరు మిగిలినవాటి కన్నా బాగా చదవాల్సింది ఫ్లూయిడ్ మెకానిక్సే. మీ పొలంలో డ్రిప్ ఉంటే, పైపు చివరి మొక్కకు నీరు ఎందుకు తగ్గుతుందన్న దగ్గర మొదలుపెట్టండి. పైపు గోడల రాపిడికి నీటి ఒత్తిడి పోను పోను తగ్గడమే ఆ పాఠంలో సగం.

ప్రశ్న: మా ఊళ్లో ఇంటర్వ్యూ అభ్యాసం చేయించేవారు లేరు. అద్దం ముందు మాట్లాడితే చాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అద్దం ఎదురు ప్రశ్న వేయదు కాబట్టి చాలదు. ముగ్గురు స్నేహితులు కలవండి. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, మూడో వ్యక్తి ఫోనులో వీడియో తీస్తూ తప్పులు రాసుకోవాలి. అడిగేవారి చేతిలో మీ రెజ్యూమె ఉండాలి. వారు ఏ వరుస మీద వేలు పెడితే ఆ వరుస గురించి మీరు ఆగకుండా రెండు నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడలేని వరుసను ఆ రాత్రే కొట్టేయాలి, లేదా ఆ పని నేర్చుకోవాలి. మొదటి వీడియో చూసుకోవడానికి సిగ్గేస్తుంది, మాటమాటకూ ‘యాక్చువల్లీ’ అన్నారని అప్పుడే తెలుస్తుంది. స్నేహితులు నవ్వులాటగా మారుస్తున్నారనిపిస్తే, వీధిలో బ్యాంకులోనో పాఠశాలలోనో పనిచేసే పెద్దవారిని ఒక అరగంట అడగండి, మన వైపు అలా అడిగితే కాదనేవారు తక్కువ. వీడియో ఇంటర్వ్యూ అయితే కిటికీకి ఎదురుగా కూర్చోండి, కిటికీ వెనక ఉంటే మీ ముఖం నల్లగా కనిపిస్తుంది. నెట్‌వర్క్‌ను ముందు రోజు అదే గంటకు పరీక్షించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఖాయమైందని, శిక్షణకు, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్‌గా 30 వేలు కట్టమని ఒకరు ఫోన్ చేస్తున్నారు. ఇంటర్వ్యూ ఫోన్లోనే పది నిమిషాల్లో అయిపోయింది. ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో వచ్చింది. కట్టమంటారా?
– ఒక తండ్రి, కడప

జవాబు: కట్టకండి. జీతం ఇచ్చేవాడు ముందుగా మీ దగ్గర డబ్బు అడగడు. ఆ లెటర్ మీద ఉన్న సంస్థ పేరును మీరే వెతికి, దాని సొంత వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు మెయిల్ రాసి, ఈ లెటర్ మీరు ఇచ్చిందేనా అని అడగండి. లెటర్ మీద అచ్చయిన ఫోన్ నంబరుకు చేయకండి, అది మీకు ఫోన్ చేస్తున్నవారి నంబరే అయి ఉంటుంది. ‘ఈ రోజు సాయంత్రంలోగా’ అన్న తొందర పెడుతున్నారంటే అనుమానం ఇంకా బలపడుతుంది. మీ అబ్బాయిని ఈ విషయంలో కోప్పడకండి, ఎన్నో చోట్ల కాదనిపించుకున్న పిల్లవాడికి ‘ఖాయమైంది’ అన్న మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో మీరూ ఊహించగలరు. ఒకవేళ ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఈ పత్రికను పక్కన పెట్టి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.