ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి అనువాదం: బీ1 సరిపోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. జర్మన్ నేర్చుకుంటోంది, ఈమధ్యే బీ1 (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో మూడోది) పాసైంది. కంపెనీల డాక్యుమెంట్లు ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి మార్చే పని ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చని, మూడు నెలల కోర్సు చేస్తే ‘సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్’ అయిపోతుందని విజయవాడలో ఒక శిక్షణ సంస్థ వాళ్లు చెబుతున్నారు. ఫీజు 70 వేలు. కట్టమంటారా?
- ఒక తండ్రి

జవాబు: ఇప్పుడు కట్టకండి. అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే, నాకూ నచ్చింది. కానీ ఆ కోర్సు ఇస్తానంటున్న హోదా వాళ్ల చేతిలో లేదు.

పెళ్లి సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం లాంటివి జర్మనీ ప్రభుత్వ కార్యాలయాల్లో చెల్లాలంటే సాధారణంగా అక్కడి కోర్టు ముందు ప్రమాణం చేసిన అనువాదకుల ముద్ర, సంతకం అడుగుతారు. ఆ గుర్తింపు అక్కడే రావాలి, ఇక్కడి ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేదు. ఇంకో సంగతి. మన డిగ్రీ మార్కుల మెమోలు ఇంగ్లీషులో ఉంటే జర్మన్ యూనివర్సిటీలు చాలావరకు అలాగే తీసుకుంటాయి. కాబట్టి పైచదువులకు వెళ్లే పిల్లల సర్టిఫికెట్లతోనే చేతినిండా పని దొరుకుతుందన్న లెక్క కూడా నిలవదు.

ఇక మిగిలింది కంపెనీల పని: యంత్రాల మాన్యువళ్లు, ఒప్పందాలు, లేబుళ్లు, ల్యాబ్ రిపోర్టులు. ఇది నిజంగా ఉన్న పని. ఇందులో ఏం కావాలో చూడటానికి మీ ఊరి సరుకే తీసుకుందాం.

కారం ప్యాకెట్ మీద ‘హాట్’ అని ఉందనుకోండి. దాన్ని జర్మన్‌లో ‘హైస్’ అని రాస్తే వేడిగా ఉందని అర్థం. కారంగా ఉందని చెప్పాలంటే ‘షార్ఫ్’ అనాలి. మనకూ కారం వేరు, వేడి వేరు. ఇంగ్లీషే రెంటినీ ఒక మాటలో కలిపేసింది. ‘యూ’ సంగతీ అంతే. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు ‘డూ’, ‘జీ’ ఉన్నాయి. ఏది ఎక్కడ వాడాలో మన పిల్లలకు ఇట్టే తడుతుంది. తెలుగు తెలిసినందువల్ల ఒరిగే లాభం ఇది, దీన్ని తక్కువగా చూడకండి.

‘బెస్ట్ బిఫోర్’ తేదీని జర్మన్‌లో ‘మిండెస్ట్‌హాల్ట్‌బార్‌కైట్స్‌డాటుమ్’ అంటారు. చూడగానే గుండె జారుతుంది గానీ, విడదీస్తే కనీసం, నిల్వ, తేదీ. మన సమాసం లాంటిదే. ‘యూజ్ బై’ తేదీకి మాట వేరు: ‘ఫెర్‌బ్రౌఖ్స్‌డాటుమ్’. మొదటిది దాటినంత మాత్రాన సరుకు పాడైనట్టు కాదు, రంగు రుచి తగ్గొచ్చు, అంతే. రెండోది దాటితే ఆరోగ్యానికి ప్రమాదం, ఆ సరుకు అమ్మకూడదు. ఎండు కారానికి వేయాల్సింది మొదటిది. పొరపాటున రెండోది వేస్తే, బాగున్న సరుకునే తేదీ దాటగానే షాపువాడు షెల్ఫులోంచి తీసేయాలి.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. జర్మన్లు వేల దగ్గర చుక్క, దశాంశం దగ్గర కామా పెడతారు. ఇన్వాయిస్‌లో 1,500 కిలోలను అలాగే వదిలేస్తే వాళ్లు ఒకటిన్నర కిలో అని చదువుకుంటారు. 1.500 అని రాయాలి. ఇంగ్లీషు ‘బిలియన్’ వంద కోట్లు, దాన్ని వాళ్లు ‘మిలియార్డె’ అంటారు. వాళ్ల ‘బిలియోన్’ లక్ష కోట్లు.

బీ1 అంటే ఊళ్లో తిరిగి, నాలుగు మాటలు మాట్లాడి, చిన్న ఉత్తరం రాసుకోగలగడం. కంపెనీ సంతకం చేసే కాగితం రాయడానికి అది చాలదు. పైగా ఈ వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది: ఎవరైనా తమ సొంత భాషలోకి అనువదిస్తారు. ఇంగ్లీషు నుంచి జర్మన్‌లోకి అంటే పోటీ జర్మనీలో పుట్టి పెరిగినవాళ్లతో. అందుకే మొదట దిశ మార్చమంటాను: జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి. అక్కడ అమ్మాయికి వెసులుబాటు ఎక్కువ. ఆ పనికైనా పై మెట్టు బీ2 దాటాలి, నిలదొక్కుకోవాలంటే దానిపైన సీ1 కావాలి. సున్నా నుంచి బీ2కి 45 నిమిషాల పీరియడ్లు సుమారు 600 నుంచి 800, సీ1కి 800 నుంచి 1,000 దాకా పడతాయి. మూడు నెలల్లో అయ్యేది కాదు.

మెషీన్ సంగతి దాచను. 2017లో జర్మనీలోనే మొదలైన డీప్‌ఎల్ లాంటి అనువాద సాఫ్ట్‌వేర్లు తొలి ప్రతి క్షణాల్లో ఇచ్చేస్తున్నాయి. ఇప్పుడు చాలా పని దాన్ని సరిదిద్దడమే, దానికిచ్చే రేటూ తక్కువే. నిలబడేది సబ్జెక్టు తెలిసినవాళ్లు. ఇక్కడే బీకాం అక్కరకొస్తుంది. ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే పత్రం), లెటర్ ఆఫ్ క్రెడిట్ (డబ్బు చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ఆమెకు కొత్తవి కావు. మిర్చి యార్డు మీ ఊళ్లోనే ఉంది, స్పైసెస్ బోర్డు ల్యాబ్ కూడా. ఎగుమతి ఆఫీసులో ఏడాది డాక్యుమెంటేషన్ పనిలో చేరితే అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) పరీక్ష రిపోర్టు ఎలా ఉంటుందో, కొనేవాడు ఏం అడుగుతాడో చేతికందుతుంది. అనువాద సేవలకు ఐఎస్ఓ 17100 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అనువాదంలో డిగ్రీ లేకపోయినా, వేరే డిగ్రీతో పాటు రెండేళ్ల పూర్తికాలపు అనువాద అనుభవం ఉంటే అది ఒప్పుకుంటుంది. అమ్మాయికి తలుపు మూసుకుపోలేదు.

ఆ 70 వేలు భాషకే పెట్టండి. గోథే సంస్థ పెట్టే జర్మన్ పరీక్షలు హైదరాబాద్ గోథే జెంట్రుమ్‌లో, చెన్నైలో రాయొచ్చు. పీజీ ఆలోచన ఉంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో జర్మన్ ఉంది, ప్రవేశానికి అర్హతలు ముందే చూసుకోండి. ట్రాన్స్‌లేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి కోర్సు అక్కర్లేదు. ఒమేగాటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానితో మొదలుపెట్టొచ్చు.

ఈ ఆదివారం ఇంట్లో ఉన్న కారం ప్యాకెట్ ఆమె చేతికివ్వండి. వెనకవైపు ఉన్నదంతా జర్మన్‌లో రాయమనండి, మెషీన్ చూడకుండా. తర్వాత వాళ్ల టీచర్‌తో ఎర్ర ఇంకుతో దిద్దించి, ఆ కాగితం తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. ఎంత దూరం వెళ్లాలో దాన్ని ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.