కర్నూలులో తొలి ఆర్‌సీ (రేడియో రిమోట్‌తో ఎగరేసే) మోడల్‌గానే పెద్ద ఎ320 కట్టొచ్చా?

ఇంతవరకు ఒక్క మోడలూ ఎగరేయలేదు, 1:20 స్కేల్‌లో ఎయిర్‌బస్ ఎ320 కట్టాలనుంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు. తప్పకుండా కట్టండి, కానీ అది మీ మూడో విమానం కావాలి.

ఎందుకో లెక్క చూడండి. అసలు విమానం రెక్కల నిడివి 35.8 మీటర్లు, వైశాల్యం దాదాపు 122.6 చదరపు మీటర్లు. 1:20లో నిడివి 1.79 మీటర్లు వస్తుంది. వైశాల్యం మాత్రం 20×20, అంటే 400 రెట్లు తగ్గి 0.31 చదరపు మీటరే మిగులుతుంది. మోడల్ 3 కిలోలు తూగితే ప్రతి చదరపు డెసిమీటరు రెక్క దాదాపు 98 గ్రాములు మోయాలి. ఎగరేయడం నేర్చుకునే ఫోమ్ మోడళ్లకు (ట్రైనర్లకు) సాధారణంగా ఇందులో సగమో, ఇంకా తక్కువో. భారం పెరిగేకొద్దీ దిగే వేగమూ పెరుగుతుంది. వేగం మరీ తగ్గిందా, వెనక్కి వాలిన రెక్క కొసే ముందు స్టాలై (పైకెత్తే బలం కోల్పోయి) విమానం పక్కకు ఒరిగిపోతుంది. కొత్త చేతికి సర్దుకునే వ్యవధి ఉండదు. పైగా మన మే నెల ఎండకు గాలి పలచబడి, నేలమీద పరుగు ఇంకా పొడవు కావాలి.

అందుకే ముందు పైరెక్క ట్రైనర్ (రెక్క బాడీ పైన ఉండేది), తర్వాత ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) ఉన్న కిందిరెక్క మోడల్ ఎగరేయండి. ఈలోగా ఎ320 డ్రాయింగ్ గీసి, అదే ఆకారంలో చిన్న ఫోమ్ గ్లైడర్ చేసి చేత్తో విసిరి చూడండి. గురుత్వ కేంద్రం ఎక్కడుండాలో అక్కడే తేలిపోతుంది.

నల్లరేగడి చేలో చిన్న చక్రాలు దిగబడతాయి, గట్టి నేల చూసుకోండి. ఓర్వకల్లు విమానాశ్రయం దగ్గర ఆంక్షలుంటాయి, ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ సైట్ డిజిటల్ స్కైలో మ్యాప్ చూడండి.